మూడు బల్లలు తప్పితే పేరు కొట్టేయాల్సిందేనా? ప్లాంటు పనికెళ్లే మా వదిన సంగతి

లంక కుర్రాడు

అందరికీ వందనాలండి. మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. ఈ ఏడాదే నన్ను సంఘం కమిటీలోకి తీసుకున్నారు. అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి మీటింగులో టీలు అందించడమే ఇప్పటిదాకా నా పని. వచ్చే మీటింగులో మాత్రం ఒక విషయం మీద నోరు విప్పక తప్పేలా లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా మందిరంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసును గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. వరసగా మూడు బల్లలు తప్పినవాళ్ల పేరు రిజిస్టరులోంచి తీసేస్తారు. మళ్లీ చేరాలంటే ఆరాధన మధ్యలో ముందుకొచ్చి నిలబడి, సంఘానికి దూరమైనందుకు క్షమాపణ చెప్పుకోవాలి. తాతల నాటి రూలు. పాత మినిట్స్ పుస్తకంలో రాసి ఉంది.

మా పెదనాన్న గారి కోడలు, నాకు వదిన, రొయ్యల ప్లాంటులో చేస్తుంది. అన్నయ్య గల్ఫ్ వెళ్లి ఏజెంటు చేతిలో మోసపోయి తిరిగొచ్చాక అప్పంతా ఆవిడ నెత్తిన పడింది. వ్యాను వస్తే వెళ్లాలి, ఆదివారమైనా అంతే. అలా మూడు బల్లలు తప్పిపోయాయి. మొన్న మొదటి ఆదివారం లోడు లేదన్నారు, అందుకని మందిరానికి వచ్చింది. తెల్ల చీర కట్టుకుని ఆడవాళ్ల వైపు వెనక వరసలో చాప మీద కూర్చుంది. రొట్టె పళ్లెం వరసలో వచ్చింది, ఆవిడ చెయ్యి చాపింది. ఐసు నీళ్లలో నాని నాని ఆ వేలికొసలు చీలిపోయి ఉంటాయి, రెండు వేళ్లకి ప్లాస్టరు కూడా ఉంది. పళ్లెం పట్టుకున్న పెద్దాయన ఒక్క క్షణం ఆగి, పళ్లెం కాస్త పైకెత్తి, పక్కావిడ ముందుకి జరిపేశారు. ఏమీ అనలేదు. వదిన చెయ్యి కొంగులోకి లాక్కుంది. ద్రాక్షారసం ట్రే వచ్చినప్పుడు అసలు తలెత్తలేదు.

ఆయన చెడ్డవారు కాదండి. ఆదివారం బడిలో నాకు వాక్యాలు కంఠతా పట్టించింది ఆయనే. కమిటీలో నేను "పాపం కదండీ" అంటే ఎవరూ వినరు, వాక్యం చూపించమంటారు. ఏం చూపించాలి?

రిటైర్డ్ సెక్రటరీ

తమ్ముడూ, వందనాలు. నేను రామచంద్రపురం వైపు ఒక బాప్టిస్టు సంఘానికి చాలాకాలం సెక్రటరీగా చేశాను. నీ బాధ అర్థమైంది. కానీ ఆ రూలు ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకోవాలి.

రిజిస్టరులో పేరుంటేనే కమిటీ ఎన్నికల్లో ఓటు. పేరుంటేనే సమాధుల దొడ్డిలో చోటు. ఎన్నికలొచ్చేసరికి ఏళ్ల తరబడి గుడి గడప తొక్కనివాళ్లు హైదరాబాదు నుంచి కార్లేసుకుని దిగుతారు. ఓటేసి, పలావు తిని, వెళ్లిపోతారు. మందిరం స్థలం మీద కేసులు, రెండు వర్గాలు, పోలీసు బందోబస్తు మధ్య క్రిస్మస్ ఆరాధన, ఇవన్నీ చూసినవాణ్ణి నేను. కనికరం పేరు చెప్పి తలుపు బార్లా తీస్తే ముందు దూరేది మీ వదిన కాదు, వాళ్లు.

ఇంకో మాట. విశ్రాంతి దినాన్ని పరిశుద్ధంగా ఆచరించమన్నది నాలుగో ఆజ్ఞ. లూథరన్ సోదరులు మూడోది అంటారు, లెక్క ఏదైనా ఆజ్ఞ ఒకటే. సంపాదన కోసం ఆదివారం వదులుకోవడం ఒకసారి అలవాటైతే ఇక వెనక్కి రారు. ఇది కోపంతో చెప్పడం లేదు.

ఐసు నీళ్లు

సెక్రటరీ గారూ, నేనూ ప్లాంటులోనే చేస్తానండి. సంపాదన కోసం ఆదివారం వదులుకోవడం ఎలా ఉంటుందో చెప్తాను, వినండి.

శనివారం రాత్రి సూపర్‌వైజరు ఫోను చేస్తాడు, రేపు లోడు ఉంది అని. తెల్లవారకముందే వ్యాను వీధి చివర హారను కొడుతుంది. లోపలికెళ్తే తలకి టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకి గమ్‌బూట్లు. సెల్‌ఫోను బయటే. తలలు తీయడం, పొట్టు ఒలవడం, నరం లాగడం, అన్నీ నిలబడే. కింద నీళ్లు, ముందు ఐసు. గ్లౌజులు వేసుకుంటే చెయ్యి ఆడదు, మాకు కిలోల లెక్కన కూలి, అందుకని చాలామంది తీసి పక్కన పెట్టేస్తారు. ఆదివారం రానంటే ఎవరూ తిట్టరు. సోమవారం పిలుపు రాదు, అంతే. నీ చోట్లో ఇంకొకామె నిలబడి ఉంటుంది.

మా సంఘంలో ఒకాయన నాతో అన్నారు, "విశ్వాసం ఉంటే దేవుడే వేరే పని చూపిస్తాడమ్మా" అని. నాకు కోపం రాలేదు గానీ నవ్వొచ్చింది. ఆయనకి నెలనెలా వచ్చేది మా కానుకల్లోంచే కదండీ.

బల్ల రోజున ప్లాంటులో ఉంటే మధ్యాహ్నం అన్నం ముందు నేనూ ఇంకో ఇద్దరం కళ్లు మూసుకుంటాం. దాన్ని మీ రిజిస్టరులో ఏ గడిలో రాస్తారో మీకే తెలియాలి.

చెరువుగట్టు

నాది భీమవరం పక్కన. చెరువులో వనామీ రొయ్య వేస్తాను. మా సంఘంలో నేనూ కమిటీ మెంబరునే.

ఆదివారం పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, ఎందుకంటే, రొయ్యకి క్యాలెండరు తెలీదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు ఆగాయంటే గంటల్లో సరుకంతా పైకి తేలుతుంది. వైట్ స్పాట్ తెగులు కనబడిందంటే ఏ కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) ఉంటే ఆ కౌంటుకే వల దించాలి. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పొట్టు విడుస్తుంది, అప్పుడు పడితే మెత్త సరుకని రేటు కోసేస్తారు. ఇవన్నీ చూసుకుని కొనేవాడు లారీ ఎప్పుడు పంపిస్తే అప్పుడే పట్టుబడి. పట్టాక ఐసులో వేసి ప్లాంటుకి తోలకపోతే పనికిరాదు. కాబట్టి నా చెరువు ఆదివారం పడితే ఈ అక్కలకి కూడా ఆదివారం పనే.

ఇప్పుడు నా అనుమానం. పట్టుబడి ఉన్న ఆదివారాలు నేనూ మందిరానికి వెళ్లను. బల్లలు నాకూ తప్పుతాయి. నా పేరు ఎవరూ కొట్టలేదు. పైగా పాస్టరు గారే ఫోను చేసి "సరుకు బాగా పడిందా బ్రదర్, ప్రార్థన చేస్తున్నాం" అంటారు. ఆదివారం పట్టిన రొయ్యల మీద దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు కానుక, సోమవారం పుచ్చుకుంటారు కూడా. పట్టుబడి నాది, పొట్టు ఒలిచేది ఆవిడ. మరి రూలు ఆవిడొక్కదానికే ఎందుకు తగిలింది?

గట్టు మీద పిట్ట

అన్నా, ఈ ఒక్క పోస్టు ప్రింటు తీసి కమిటీలో చదివితే సరిపోదూ 🙏

పాఠాల మాస్టారు

రాజమండ్రిలో బైబిలు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. లంక కుర్రాడు వాక్యం అడిగాడు కాబట్టి ఓపిగ్గా చదవండి.

ఇలాంటి చర్చల్లో అందరూ మొదట ఎత్తేది మార్కు రెండో అధ్యాయం. శిష్యులు పంటచేలో వెన్నులు తుంచుకున్నారు, నియమాలు కచ్చితంగా పాటించే పరిసయ్యులు తప్పన్నారు, విశ్రాంతి దినం మనిషి కోసమే గానీ మనిషి దాని కోసం కాదని ప్రభువు చెప్పారు. అది ఉండనే ఉంది. కానీ కమిటీలో పెద్దలు "అది కొత్త నిబంధన స్వేచ్ఛ, దాన్ని అలుసుగా తీసుకోకూడదు" అంటారు. అందుకని నేనైతే పాత నిబంధనలోని మోషే ధర్మశాస్త్రం నుంచే మొదలుపెడతాను.

సంఖ్యాకాండం తొమ్మిదో అధ్యాయం తీయండి. పస్కా, అంటే ఐగుప్తు దాస్యం నుంచి విడుదలైన పండుగ, మొదటి నెల పద్నాలుగో రోజున ఆచరించాలి, అది ఆజ్ఞ. ఆ రోజుకి కొందరు శవాన్ని ముట్టి అపవిత్రులై ఉన్నారు. అపవిత్రులు పస్కా తినకూడదు, అదీ ఆజ్ఞే. వాళ్లు ఊరుకోలేదు. మోషే దగ్గరికొచ్చి "మమ్మల్నెందుకు ఆపుతున్నారు" అని అడిగారు. ఇంట్లో ఎవరో పోయుంటారు, ఎవరో ఒకరు మోయాలి కదా. మోషే "రూలు రూలే" అనలేదు, "ఆగండి, దేవుణ్ణి అడుగుతాను" అన్నాడు. వచ్చిన జవాబు చూడండి. రెండో నెల పద్నాలుగో రోజున ఇంకో పస్కా. అపవిత్రులకే కాదు, దూరప్రయాణంలో ఉన్నవాళ్లకీ అదే తేదీ. అడగని వాళ్లని కూడా కలిపి ఇచ్చాడు. ఏ అడ్డూ లేకుండానే మానేసినవాణ్ణి మాత్రం జనంలోంచి కొట్టివేయమన్నాడు. అంటే రాలేనివాడూ రానివాడూ ఒకటి కాదని ధర్మశాస్త్రమే విడదీసింది. మీ మూడు బల్లల రూలు వాళ్లిద్దరినీ ఒకే గాటన కడుతోంది. సెక్రటరీ గారు చెప్పిన హైదరాబాదు కార్లవాళ్లు రెండో రకం. వదిన మొదటి రకం.

రెండోది, రెండో దినవృత్తాంతాలు ముప్పయ్యో అధ్యాయం. యూదా రాజు హిజ్కియా చేయించిన పస్కా. ఉత్తరాది గోత్రాల వాళ్లు చాలామంది తమను శుద్ధి చేసుకోకుండానే వచ్చి తిన్నారు. రాసినదానికి విరుద్ధంగా తిన్నారని అక్కడే ఉంది. రాజు వాళ్లని లేపి పంపేయలేదు. దేవుణ్ణి వెదకడానికి మనసు పెట్టిన ప్రతివాణ్ణీ క్షమించమని ప్రార్థించాడు, ప్రభువు విన్నాడు. పెద్దల పని అప్పుడు ఏమిటో గమనించండి. పళ్లెం వెనక్కి లాగడం కాదు, తినేవాడి పక్షాన ప్రార్థించడం.

ఇక విశ్రాంతి దినపు ఆజ్ఞ. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో ఆ ఆజ్ఞకి కారణం కూడా చెప్పారు. నీ దాసుడూ నీ దాసీ నీలాగే విశ్రమించాలి, నువ్వూ ఐగుప్తులో దాసుడివేనని గుర్తుంచుకో అని. అంటే ఆ ఆజ్ఞ ఎవరితో మాట్లాడుతోంది? పని చేయించుకునేవాడితో. చెరువుగట్టు గారూ, ఏమనుకోకండి, క్రమశిక్షణ అంటూ పెడితే మొదటి నోటీసు మీకూ ప్లాంటు యజమానికీ రావాలి, వదినకి కాదు.

చెరువుగట్టు

అనుకోవడానికేముంది మాస్టారూ. కానీ నోటీసు ఇచ్చినా అమావాస్య ఆగదు కదండీ.

పాఠాల మాస్టారు

ఆగదు. ఆ సంగతి రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్‌కి కూడా తెలుసు. క్రీ.శ. 321లో ఆదివారం సెలవని శాసనం చేసినప్పుడు పట్నంలో కోర్టులూ చేతిపనులూ మూసేయమన్నాడు గానీ, సేద్యం చేసేవాళ్లకి మినహాయింపు ఇచ్చాడు. అదును తప్పితే పంట పోతుందని. అంతకు ముందు మూడు వందల ఏళ్లు క్రైస్తవులకి ఆదివారం సెలవే లేదు, వాళ్లలో దాసులు బోలెడంతమంది. సుమారు 112లో ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని ఉంది. త్రోయ పట్నంలో అపొస్తలుడు పౌలు రొట్టె విరిచినప్పుడు అర్ధరాత్రి దాటింది, మేడగదిలో దీపాలు వెలుగుతున్నాయి. ఉదయం పదింటి ఆరాధన మనం పెట్టుకున్నది.

రిటైర్డ్ సెక్రటరీ

మాస్టారు గారు బాగా చెప్పారు, కాదనను. రెండో నెల పస్కా సంగతి నేను ఈ కోణంలో ఎప్పుడూ వినలేదు. అయినా కొన్ని అడుగుతాను.

పుదీనాలో, సోపులో, జీలకర్రలో దశమభాగం లెక్కపెట్టేవాళ్లని గద్దించినప్పుడు ప్రభువు "అవి మానేయండి" అనలేదు. వాటిని మానకుండా వీటిని చేయాలన్నారు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని శిక్షించలేదు, కానీ "ఇక పాపము చేయకుము" అని చెప్పే పంపారు. కొరింథులో తండ్రి భార్యను ఉంచుకున్నవాణ్ణి వెలివేయమన్నది పౌలే. అయోగ్యంగా రొట్టె తింటే తీర్పు తెచ్చుకుంటారన్నదీ ఆయనే. మరి ప్రేమ ఒక్కటే చాలంటే ఈ వాక్యాలన్నీ ఏం చేద్దాం? ఈ రోజుల్లో "దేవుడు ప్రేమామయుడు" అన్న ఒక్క ముక్క పట్టుకుని సంఘాన్ని సత్రం చేసేస్తున్నారు.

ఆదివారం బడి టీచరమ్మ

మధ్యలో ఒక మాట. మా దగ్గర బల్ల రిజిస్టరు గొడవ లేదు గానీ నగల గొడవ ఉంది. మా చెల్లెలు అమలాపురం అవతల పెంతెకోస్తు సంఘంలో ఇచ్చిన కోడలు. తోడికోడలు హిందువుల ఇంటి పిల్ల, బాప్తిస్మం తీసుకుంది. చెవిదిద్దులు తీసేదాకా బల్ల లేదన్నారు. అవి వాళ్ల నాన్న పోయే ముందు చేయించినవి. ఇంకోచోట పుట్టింట్లో తమ్ముడి పెళ్లి భోజనం తిన్నందుకు ఒకామెని నిలదీశారు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లడానికి మనసైతే, వడ్డించింది ఏ విచారణా చేయకుండా తినమని ఇదే పౌలు రాశాడు కదా, మొదటి కొరింథీ పదిలో. విగ్రహానికి పెట్టిందని ఎవరైనా చెప్తే అప్పుడు మానమన్నాడు. ముందే ఆరాలు తీయమనలేదు.

వేదిక నిర్వాహకులు

నగలు, బొట్టు, ప్రసాదం మీద ఇదివరకే పెద్ద చర్చ నడిచి తాళం వేయాల్సి వచ్చింది. దయచేసి అటు వెళ్లొద్దు. ఈ చర్చ బల్ల గురించే ఉండనిద్దాం. సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు ఎవరూ రాయకండి.

పాఠాల మాస్టారు

సెక్రటరీ గారి ప్రశ్న న్యాయమైనది.

కొరింథులో వెలివేసింది దేనికో మీరే రాశారు. అన్యజనుల్లో కూడా వినని పని అన్నాడు పౌలు. దానికీ, అప్పు తీర్చడానికి రొయ్యలు ఒలవడానికీ ఒకే శిక్షా? ఇక రెండో పత్రిక రెండో అధ్యాయంలో, శిక్ష పడిన ఒక మనిషి గురించి, అతనికి పడింది చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అంటాడు. వెలివేయడానికి మనం చూపించే శ్రద్ధలో సగమైనా చేర్చుకోవడంలో చూపిస్తున్నామా?

అయోగ్యంగా తినడం గురించి మాత్రం కొంచెం నిలబడాలి, ఎందుకంటే మన పెద్దలు ఎప్పుడూ అందుకునే వాక్యం అదే. మొదటి కొరింథీ పదకొండు పూర్తిగా చదవండి, ఇరవయ్యో వచనం నుంచి. అక్కడి గొడవేమిటి? బల్లకి కూడి వచ్చినప్పుడు ఎవరి భోజనం వాళ్లు ముందే కానిచ్చేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడు. ఏమీ లేనివాళ్లని సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడ్డాడు. తీరిక ఉన్న డబ్బుగలవాళ్లు పెందలాడే వచ్చి ఉంటారు, పనివాళ్లూ దాసులూ పని వదిలాక గానీ రాలేరు. "అయోగ్యముగా" అన్న మాట వచ్చేది ఈ సందర్భంలో. అంతా చెప్పి ఆయన ఇచ్చిన ఆర్డరు ముప్పై మూడో వచనంలో ఉంది, "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి."

సెక్రటరీ గారూ, ఇదీ రూలే. ఆజ్ఞాపూర్వకంగా రాసిన రూలు. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆగమని. మినిట్స్ పుస్తకంలో ఇదెందుకు లేదు?

సత్రం అవుతుందన్న మీ భయానికి విరుగుడు ఓటరు జాబితా వేరు, బల్ల వేరు చేయడం. ఓటుకి హాజరు చూడండి, ఎన్ని షరతులైనా పెట్టుకోండి. బాప్తిస్మం పొంది, విశ్వాసంతో చెయ్యి చాపినవాళ్లకి రొట్టె ఆపడానికి ఆ జాబితా వాడకండి.

కాలవ ఒడ్డు

నేను నరసాపురంలో బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాణ్ణి. మా పెద్దలకి మాత్రం ఇది కొత్త చర్చేం కాదు.

ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ అని, ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పళ్ల డాక్టరు. ప్రాక్టీసు వదిలేసి బాగ్దాదు వెళ్లాడు, 1831లో ప్లేగు వచ్చి భార్య పోయింది. తర్వాత మన దేశం వచ్చాడు. 1836లో ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ బౌడెన్, బీర్ దంపతుల్ని వెంట తీసుకొచ్చాడు. ఆ రెండు జంటలే నరసాపురం చేరి ఇక్కడ పని మొదలుపెట్టారు, గోదావరి డెల్టా మిషన్ అన్నది వాళ్లతోనే. మన ప్రాంతం సంగతి కాబట్టి ఇది చాలామందికి తెలుసు.

తెలియనిది ఇంకోటి ఉంది. అదే 1836లో, మార్చిలో, గ్రోవ్స్ తన పాత స్నేహితుడు, బ్రదరెన్ నాయకుడు డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. బల్ల దగ్గర ఎవర్ని చేర్చుకోవాలన్న దాని మీద డార్బీ బిగుసుకుపోతున్నాడని ఆయనకి దిగులు. ఇతర క్రైస్తవుల్లో ఉన్న మంచి నుంచి విడిపోవడం కంటే వాళ్లలోని చెడుని భరించడమే నాకు ఎంతో మేలు అని అందులో రాశాడు. ఆ మాట డార్బీ చెవికెక్కలేదు. 1848లో బ్రిస్టల్‌లోని బెతెస్ద సంఘం విషయంలో బ్రదరెన్ రెండుగా చీలింది. తప్పు బోధ చేశాడని పేరుపడ్డ వేరే ఊరి బోధకుణ్ణి అక్కడ ఎవరూ సమర్థించలేదు. ఆయనతో సహవాసంలో ఉన్నవాళ్లని బల్లకి చేర్చుకున్నారు, అదీ నేరం. అలా చేర్చుకున్న సంఘంతో కలిసినవాళ్లూ అపవిత్రులే అన్నారు. అపవిత్రత అలా గొలుసుకట్టుగా పాకుతూ పోయింది.

మా దగ్గర ఈనాటికీ వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లని పరిచయ పత్రం అడుగుతాం. పత్రం మంచిదే, మోసగాళ్లు తిరుగుతుంటారు కాబట్టి. కానీ పత్రం మర్చిపోయిన ముసలామెని, పక్క ఊళ్లో సగం మంది ఎరిగిన మనిషిని, వెనక బెంచీలో కూర్చోబెట్టిన రోజులూ ఉన్నాయి. గ్రోవ్స్ తీసుకొచ్చిన మనుషులు కట్టిన సంఘాల్లో డార్బీ పద్ధతి నడుస్తోందంటే ఆయన నవ్వేవాడో ఏడ్చేవాడో.

గట్టు మీద పిట్ట

దోమని వడగట్టి ఒంటెని మింగడం అంటే ఇదేనేమో. మన గోదారి జిల్లాల్లో ఎంత వడగట్టినా ఇంకో దోమ ఉంటూనే ఉంటుంది లెండి.

రాత్రి ఆరాధన

నేను ఒక చిన్న సంఘానికి పాస్టరుని. కాకినాడ వైపు, ప్లాంట్లు దగ్గర. సగం మంది ఆడవాళ్లు అందులోనే చేస్తారు. లంక కుర్రాడు తమ్ముడికి పనికొస్తుందని మా పద్ధతి రాస్తున్నాను.

మేం బల్ల ఆదివారం ఉదయం కాదు, రాత్రి పెడతాం. వ్యాన్లు దింపాక. వాళ్లు ఇంటికెళ్లి స్నానం చేసి, పిల్లలకి అన్నం పెట్టి రావాలి కాబట్టి టైము రాసిపెట్టం, వ్యాను వచ్చాక ముప్పావుగంట అనుకుంటాం. రొట్టె మా ఆవిడే మైదాతో చేస్తుంది, పొద్దున చేస్తే రాత్రికి అట్టలా అయిపోతుంది, అందుకని సాయంత్రం చేస్తుంది. కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు.

ఇందులో ఒక తిరకాసు ఉంది, ముందే చెప్తాను. మొదట్లో పొద్దున ఒక బల్ల, రాత్రి ఒక బల్ల పెట్టాం. ఆర్నెల్లకి చూస్తే పొద్దున టీచర్లు, రైతులు, బ్యాంకు వాళ్లు. రాత్రి కూలివాళ్లు. ఒకే సంఘం, రెండు పేటలు అయిపోయింది. మన ఊళ్లలో అలాంటి గీత ఒకసారి పడితే అది దేని మీద స్థిరపడుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. దాంతో పొద్దున బల్ల ఆపేశాం. తీరిక ఉన్నవాళ్లనే రాత్రికి రమ్మన్నాం. కొందరు అలిగి వేరే సంఘానికి వెళ్లిపోయారు, కానుకలు తగ్గాయి. ఆ లోటు ఇప్పటికీ పూడలేదు. మీ కమిటీ రాత్రి బల్లకి ఒప్పుకుంటే సంతోషించు గానీ, పెద్దలు ఎవరు వచ్చి ఆ చాపల మీద కూర్చుంటారో కూడా అప్పుడే మినిట్స్‌లో రాయించు.

ఇంకోటి. ముందుకొచ్చి క్షమాపణ చెప్పడం వదిన విషయంలో అడగొద్దని చెప్పు. తప్పు లేనిచోట తప్పు ఒప్పుకోమనడం అబద్ధం ఆడించడమే.

ఐసు నీళ్లు

పాస్టరు గారూ, ఆ టైము విషయం నిజమండి. లోడు ఎక్కువైతే మేం దిగేసరికి తొమ్మిది కూడా అవుతుంది. స్నానం చేయకుండా రమ్మంటే మాకే మనస్కరించదు, ఆ వాసన ఓ పట్టాన పోదు.

లంక కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్సండి. మీటింగు అయింది. ఏం జరిగిందో రాయకపోతే బాగోదు.

సంఖ్యాకాండం తొమ్మిది చదివాను. చెయ్యి వణికింది గానీ చదివాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దాయన "అది శవం ముట్టినవాళ్లకి, ఇది రొయ్యలు ముట్టినవాళ్లకి" అన్నారు, అందరూ నవ్వేశారు. తర్వాత మొదటి కొరింథీ పదకొండు చదివితే ఆ నవ్వు ఆగింది. పళ్లెం జరిపిన పెద్దాయనే బైబిలు తీసుకుని మళ్లీ మొదట్నుంచి చదువుకున్నారు, లోలోపలే.

రూలు తీసేయలేదు. "సరైన కారణం లేకుండా" అన్న మాట చేర్చారు. ఆ కారణం సరైనదో కాదో ఎవరు తేలుస్తారంటే, కమిటీయే. అది నాకు నచ్చలేదు. రేపు నచ్చినవాళ్లకొక న్యాయం, నచ్చనివాళ్లకొక న్యాయం అవుతుంది. ఓటరు జాబితా, బల్ల వేరు చేయాలన్న మాట ఎత్తితే "ఎన్నికల ముందు ఇప్పుడెందుకు" అని పక్కన పెట్టారు. మూడో ఆదివారం రాత్రి ఒక బల్ల పెట్టి చూద్దామన్నారు. మొదటి ఆదివారం పొద్దున బల్ల మాత్రం అలాగే ఉంటుంది. రాత్రి ఆరాధన పాస్టరు గారు చెప్పిన రెండు పేటల భయం నాకూ పట్టుకుంది. ఇప్పటికి ముగ్గురు పెద్దలు వస్తామని సంతకం పెట్టారు.

క్షమాపణ సంగతి వదినని అడగమని నన్నే పంపారు. వరండాలో కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. చెప్పాను. "నేను దేవుడికి దూరమయ్యానని ఎవరు చెప్పారు మీకు?" అంది, అంతే. అదే మాట కమిటీకి రాసిచ్చాను.

రిటైర్డ్ సెక్రటరీ

తమ్ముడూ, "సరైన కారణం" అని వదిలేస్తే తగాదాలు వస్తాయి, నా అనుభవం మీద చెప్తున్నాను. పని, జబ్బు, ప్రయాణం, బాలింతతనం, ముసలితనం అని విడివిడిగా రాయించండి. ఇవి చెప్పినవాళ్లని రుజువు అడగకూడదని కూడా రాయండి. రూలంటూ ఉండాల్సిందేనని నేను ఇప్పటికీ అంటాను, కానీ రాసేటప్పుడే సరిగ్గా రాయాలి. తీర్మానం ముసాయిదా కావాలంటే పంపు, చూసి పెడతాను.

చెరువుగట్టు

సెక్రటరీ గారూ, ఆ జాబితాలో "పట్టుబడి" అని కూడా రాయించమంటారా, లేక మాకు ఎలాగూ అక్కర్లేదా?

రిటైర్డ్ సెక్రటరీ

రాయించండి. రాశాక అందరికీ ఒకేలా చూడమనండి, మీతో సహా.

ఐసు నీళ్లు

లంక కుర్రాడు తమ్ముడూ, మూడో ఆదివారం అంటే అమావాస్య ముందా తర్వాతా? చెరువుగట్టు అన్న చెప్పినట్టు పౌర్ణమికీ అమావాస్యకీ ముందు రోజుల్లో మాకు లోడు ఎక్కువ. మా వ్యానులో మీ వైపు నుంచి ఎక్కేవాళ్లు ఆరుగురున్నారు. అందులో ఇద్దరికి మూడు బల్లలు ఎప్పుడో దాటిపోయాయి. వాళ్లూ రావచ్చా, లేక ముందు ఎవరినైనా అడగాలా?

లంక కుర్రాడు

రమ్మనండి అక్కా. తేదీ చూసి మెసేజ్ పెడతాను.